'స్లో' అని ఫిర్యాదు పెడితే పని అవదు మాస్టారూ

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయనగరంలో సొంత ఇల్లు, కింద హాల్లో టీవీ వెనకాల రూటరు, మేడ మీద గదిలో అమ్మాయి ఆఫీసు పని. ప్లాను 100 ఎంబీపీఎస్. పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి ఎనిమిదిన్నర దాటితే మీటింగులో మాట తెగిపోతుంది, బొమ్మ బిగుసుకుపోతుంది. మూడుసార్లు కంప్లయింటు పెడితే మూడుసార్లూ పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. ఆఖరిసారి పగలు పదకొండింటికి వచ్చిన కుర్రాడు తన ఫోన్లో 94 చూపించి, "ఇంకేటి సార్, ఫుల్లుగా వస్తంది కదా" అని బండెక్కేశాడు. తప్పు ఇంట్లో ఉందా, వాళ్ళ దగ్గర ఉందా, ఎవరి గుమ్మం తొక్కాలి అని కదా మీ ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే పదమూడేళ్ళు లైన్ల మీద తిరిగినవాణ్ణి. మొదట్లో కేబుల్ టీవీ, తర్వాత ఫైబరు. కాబట్టి ముందు మా బండారం చెప్పేస్తాను.

ఆ కుర్రాడు మిమ్మల్ని మోసం చెయ్యలేదు. అలాగని నిజమూ చెప్పలేదు. వచ్చింది పగలు, నిలబడింది రూటరు పక్కన, టెస్టు పెట్టింది బహుశా వాళ్ళ సొంత సర్వరు మీద. ఈ మూడూ కలిస్తే ఎంత పాడు లైనైనా పెళ్ళికొడుకులా కనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను. పొద్దున్నే డజను కంప్లయింట్లు చేతిలో పెట్టి సాయంత్రానికి అన్నీ మూసెయ్యమనేవారు. 'కట్' అని రాసుంటే ఎక్కడో తెగిందని తెలుసు, వెళ్ళి వెతికేవాళ్ళం. 'స్లో' అని రాసుంటే ఎక్కడ వెతకాలో మాకే తెలిసేది కాదు. రూటరు ఆపి వెలిగించడం, పక్కనే నిలబడి అంకె చూపించడం, ఓటీపీ తీసుకోవడం, అంతే. ఓటీపీ చెప్పారంటే కంప్లయింటు తీరిపోయిందని మీరే సంతకం పెట్టినట్టు. ఈసారి ఎవరొచ్చినా, రాత్రి చూసుకుని రేపు చెప్తానని ఓటీపీ మీ దగ్గరే ఉంచుకోండి. కుర్రాడు గొణుగుతాడు, గొణగనివ్వండి.

మీరు చెయ్యాల్సింది ఆ 'ఎక్కడ' అన్నది తేల్చడం. దారి మొత్తం మూడు ముక్కలు. మేడ మీద గది నుంచి రూటరు దాకా ఒకటి, అది మీది. రూటరు నుంచి మీ వీధి స్తంభం మీది పెట్టె మీదుగా ఆపరేటరు గది దాకా రెండోది. అక్కడి నుంచి బయటి ప్రపంచానికి మూడోది. మీరు రాసినదాన్ని బట్టి నాకు మొదటి ముక్క మీదా, మూడో ముక్క మీదా అనుమానం. రెండు జబ్బులు ఒకే ఒంట్లో ఉంటే ఒకదానికి మందేసినా రోగం తగ్గినట్టు కనిపించదు. అందుకే ఇన్నాళ్ళు తిప్పలు పడ్డారు.

ముందు వై-ఫైని పక్కకి తప్పించండి. రూటరుకి లాన్ వైరు పెట్టి ఆ రెండో కొసని ల్యాప్‌టాప్‌కి తగిలించండి. కొత్త ల్యాప్‌టాప్‌లకి ఆ కన్నం ఉండటం లేదు, యూఎస్‌బీకి తగిలించే చిన్న ముక్క దొరుకుతుంది, కొనండి. వైరు లేకుండా చేసిన ఏ స్పీడు టెస్టునీ కంపెనీవాళ్ళు లెక్కపెట్టరు, "మీ వై-ఫై సార్" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ మాట సగంసార్లు నిజం కూడా.

వైరు పెట్టాక ఓ నోటు పుస్తకం తీయండి. హాజరు పట్టీ రాసిన చెయ్యి కదా, మీకు నేర్పక్కర్లేదు. ఉదయం ఏడు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిదిన్నర. ఐదు రోజులు. ఒక్కోసారికి రెండు టెస్టులు చెయ్యండి. ఒకటి కంపెనీ సొంత సర్వరు మీద, ఇంకోటి సర్వరు మార్చి హైదరాబాదులోనో చెన్నైలోనో వేరే కంపెనీ సర్వరు మీద. టెస్టు పెట్టే పేజీలో సర్వరు మార్చుకునే వీలుంటుంది. చాలామంది దాని జోలికే పోరు, మా అబద్ధాలన్నీ దాని వెనకే దాక్కునేవి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్ కూడా ఫోన్లో పెట్టుకోండి, కానీ అది వై-ఫై మీద నడుస్తుంది కాబట్టి రూటరు ఉన్న గదిలో ఉండగానే వాడండి.

ఇక అంకెలు ఎలా చదవాలో చెప్తాను. రాత్రి తొమ్మిదిన్నరకి సొంత సర్వరు మీద 90, బయటి సర్వరు మీద 12 వచ్చిందనుకోండి. మీ ఇంటి వైరు, స్తంభం, పెట్టె అన్నీ బాగున్నట్టే. ఆపరేటరు ఊరి బయటికి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలడం లేదన్నమాట. రెండింటి మీదా 12 వస్తే ఇరుకు ఇంకా దగ్గర్లోనే ఉంది, మీ వీధికీ కంపెనీ సర్వరుకీ మధ్య. పగలూ రాత్రీ తేడా లేకుండా రెండూ తక్కువే వస్తే ఫైబరు లైనులో డేటాని మోసే వెలుగు సంగతి చూడాలి, దాని గురించి కింద రాస్తాను. ఎప్పుడు చూసినా 95 దగ్గరికి వస్తుంటే మాత్రం మీ లైను పరమ భేషు, దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు.

రాత్రిపూట జరిగేది సంక్రాంతికి పలాస పాసింజరు లాంటిదే. టికెట్టు అందరికీ ఇస్తారు. ఉదాహరణకి ఒక చిన్న ఆపరేటరు తనకి నెట్ అమ్మే పైవాడి దగ్గర 1,000 ఎంబీపీఎస్ కొని, మూడు వందల ఇళ్ళకి తలా 100 చొప్పున అమ్మాడనుకుందాం. పగలు పదిమంది వాడుకుంటారు, అందరికీ నూరు వస్తుంది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాత్రి తొమ్మిదింటికి వందిళ్ళలో ఒకేసారి సినిమాలు పెడితే తలకి పది. మీ వీధికి వచ్చే ఫైబరు మాత్రం ఇరుకు కాదు. జీపాన్ అంటే ఒక్క ఫైబరుని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి, ఆ లైనులో ఒక్క పోగు మీద కిందికి 2.5 జీబీపీఎస్ దాకా దిగుతుంది, దాన్ని స్ప్లిట్టర్లతో 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 64 ఇళ్ళకి పంచినా తలకి దగ్గర దగ్గర 40 పడుతుంది. కాబట్టి "మీ ఏరియాలో కనెక్షన్లు పెరిగిపోయాయి సార్, ఫైబరు మార్చాలి" అంటే నమ్మకండి. మార్చాల్సింది పైన కొనే బ్యాండ్‌విడ్త్. దానికి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి ఆ మాట నోటివెంట రాదు.

కస్టమర్ కేర్ వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారు: "యూట్యూబ్ వస్తోందా సార్?" వస్తోందంటారు మీరు. "అయితే నెట్ బాగానే ఉంది." ఈ మడతపేచీ తెలుసుకోండి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్ళు జనం ఎక్కువ చూసే వీడియోలని దాచిపెట్టిన యంత్రాలని సర్వీసు కంపెనీల దగ్గరే పెట్టిస్తారు. ఆ వీడియో బయటి దారి ఎక్కకుండానే మీ ఇంటికి వచ్చేస్తుంది. మీ అమ్మాయి మీటింగు అలా కాదు, ఊరి పొలిమేర దాటి వెళ్ళి రావాలి. యూట్యూబ్ గంగా ప్రవాహంలా వస్తూ మీటింగు మాత్రం బిగుసుకుపోతోందంటే, అదే మూడో ముక్క ఇరుకైందని చెప్పే గుర్తు. ఈ సంగతి కంప్లయింటులో కూడా రాయండి.

మీటింగుకి అసలు స్పీడు కంటే జాప్యం ముఖ్యం, అంటే ఇక్కడి నుంచి పంపినదానికి జవాబు రావడానికి పట్టే సమయం. వీడియో మీటింగుకి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, అది నిలకడగా రావాలి. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి పింగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన రూటరు అంకె 192.168.1.1 వెయ్యండి. కొన్నింటికి వేరే అంకె ఉంటుంది, రూటరు అడుగున స్టిక్కరు మీద చూడండి. చివర అడ్డగీత, టీ అక్షరం పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంకో తెరలో అలాగే 8.8.8.8 కి పెట్టండి, అది గూగుల్‌ది. వైరు మీద రూటరు జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో రావాలి. మన ఊరి నుంచి గూగుల్‌ది ముప్ఫై, నలభై ఉంటే బాగున్నట్టు. రాత్రిపూట అది 150, 300 అయి మధ్యమధ్యలో 'టైమ్డ్ అవుట్' అని పడుతుంటే తెర ఫొటో తీసి దాచండి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లో వైరు మీది బ్రాడ్‌బ్యాండ్‌కి జాప్యం 50 మిల్లీసెకన్ల లోపు ఉండాలని ఉంది. స్పీడు విషయంలో మాత్రం చట్టం మనకంత చుట్టం కాదు. 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస స్పీడుని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. మీ ప్లాను కాగితం మీదేమో '100 వరకు' అని ఉంటుంది. ఆ 'వరకు'లో పన్నెండూ ఇమిడిపోతుంది. అందుకే స్పీడు గురించి కాక జాప్యం గురించి దెబ్బలాడమంటాను.

ఇప్పుడు అవే రెండు పింగులు మేడ మీద గదిలో వై-ఫై మీద పెట్టండి. రూటరు జవాబే 80కీ 200కీ గెంతుతుంటే దానికి కంపెనీవాణ్ణి తిట్టి లాభం లేదు. ఇనప చువ్వలున్న స్లాబు, టీవీ, పక్కన ఇనప బీరువా కూడా ఉందేమో. పాపం ఆ సిగ్నలు ఎంతని పాకుతుంది. రూటర్లో 2.4, 5 అని రెండు బ్యాండ్లుంటాయి. 5 వేగమైనది, గోడ దాటలేదు. 2.4 గోడలు దాటుతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరి రూటర్లూ అందులోనే అరుస్తుంటాయి. రూటరుని టీవీ వెనక నుంచి తీసి మెట్ల మొదట్లో ఎత్తుగా పెడితే కొంత మారుతుంది. 2.4కి చానెల్ ఆటో మీద వదలకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టడం ఇంకొంత.

అసలు మందు మాత్రం వైరే. కింది రూటరు నుంచి మెట్ల పక్కగా లాన్ వైరు క్లిప్పులు కొట్టించి మేడ మీదికి తీసుకెళ్ళి, అక్కడ ఇంకో రూటరుని యాక్సెస్ పాయింటుగా, అంటే వై-ఫై పంచడానికి మాత్రమే, పెట్టండి. పాతది మూలన పడి ఉంటే అదే చాలు. రిపీటర్ అని ప్లగ్గులో గుచ్చేవి అమ్ముతారు, కొనకండి. కింది నుంచి బలహీనంగా అందిన సిగ్నలునే తీసుకుని మళ్ళీ అరుస్తాయి, చాలావాటిలో స్పీడు సగానికి పడిపోతుంది. మా మేనకోడలికి కూడా వద్దని చెప్పాను, వినకుండా కొంది, ఇప్పుడది వాళ్ళ దేవుడి గదిలో ప్లగ్గుకి అలంకారంగా ఉంది.

మీ ఇంట్లో సీసీ కెమెరాలు ఉన్నదీ లేనిదీ రాయలేదు. ఉంటే, అవి రికార్డింగు ఇంటర్నెట్లోకి ఎక్కించే రకమైతే, రాత్రి వాటిని ఒక గంట ఆపి చూడండి. ఫోన్లలో ఫొటోలు వాటంతటవే ఎక్కే ఏర్పాటుదీ అదే కథ. పైకెళ్ళే దారి నిండిపోతే కిందికొచ్చేది కూడా ఆగుతుంది. డేటా హద్దు దాటిందేమోనన్న అనుమానం మీకు అక్కర్లేదు. అది దాటితే పగలు కూడా నత్తనడకే. రోజుకోసారి రూటరు ఆపి వెలిగించడం తప్పు కాదు, కానీ రోజూ ఆపితేనే నడుస్తోందంటే అడాప్టరు ముసలిదైపోయిందని ఓసారి అనుమానించండి. అవి ముందుగా చెప్పకుండా పోతాయి.

రెండో ముక్క, వెలుగు సంగతి. రూటరు పేజీలోకి వెళ్తే ఆప్టికల్ అనో పాన్ అనో ఒక వరస ఉంటుంది, అందులో ఆర్‌ఎక్స్ పవర్ అని మైనస్ అంకె కనిపిస్తుంది, మీ ఇంటికి అందే వెలుగు కొలత అది. సున్నాకి దగ్గరైన కొద్దీ వెలుగు ఎక్కువ. మైనస్ 15 నుంచి 24 దాకా నిశ్చింత. మైనస్ 27 అంటే అంచు మీద నిలబడ్డట్టు. అంకె మూడు తగ్గిందంటే వెలుగు సగమైంది. ఆ పేజీకి మీకు తాళం ఇవ్వకపోతే వచ్చిన కుర్రాణ్ణి పవర్ మీటరు తియ్యమనండి, 1490 నానోమీటర్ల దగ్గర పెట్టి చూడమనండి. ఆ అంకె మీ నోట విన్నాక అతని ధోరణే మారుతుంది. మీరు మాత్రం ఫైబరు వైరు పచ్చ కొనని ఊడబెరికి కంటికెదురుగా పెట్టుకోకండి. ఆ వెలుగు కంటికి కనబడదు, హాని చేస్తుంది.

వెలుగు తగ్గితే స్పీడు మెల్లగా తగ్గుతుందనుకుంటారు. అలా జరగదు. డేటా పొట్లాలు పాడవుతాయి, మళ్ళీ పంపాలి, లైను పడి లేస్తుంది, మనకది 'స్లో'లా కనిపిస్తుంది. కారణం మన ఊళ్ళలో ఎక్కువసార్లు అతుకే. కోతలయ్యాక గడ్డి లోడుతో ట్రాక్టరు వచ్చి రోడ్డుకి అడ్డంగా వేలాడే కేబుల్ని తెంపుకుపోతుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగే దారిలో వైర్లు తప్పిస్తారు, పండగయ్యాక మళ్ళీ కడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. ఆ నెలంతా మేం తెల్లారగట్ల నుంచి దీపాలు పెట్టేదాకా అతుకులేస్తూనే ఉన్నాం. "బావూ, మా నెట్టు ఎప్పుడొస్తాది" అని అడిగినావిడ ఇంట్లో కరెంటే లేదు. అప్పట్లో చేతికందినట్టు వేసిన అతుకులు తర్వాత ఏళ్ళ తరబడి తగవు పెట్టాయి. యంత్రంతో సరిగ్గా వేసిన అతుకు దాదాపు ఏమీ తినదు. ఎండలో, చెట్టు కొమ్మ మీద, దుమ్ము చేత్తో వేసినది ఒక్కటే వెలుగుని సగం మింగుతుంది. దానికి తోడు ఎనిమిదిళ్ళ స్ప్లిట్టరు తీసి పదహారిళ్ళది పెడితే ఇంకో మూడు పోతుంది. మీ పక్కింటికి కొత్త కనెక్షను ఇచ్చిన రోజు నుంచే మీకు తగువు మొదలైతే అడగాల్సింది ఇదే.

ఐదు రోజుల అంకెలయ్యాక కంప్లయింటు ఇలా రాయండి: "లాన్ వైరు మీద, వై-ఫై ఆపి చూశాం. ఫలానా ఐదు రోజులు ఉదయం 7కి 93 నుంచి 95. రాత్రి 9.30కి బయటి సర్వరు మీద 9 నుంచి 14, మీ సర్వరు మీద ఇంత. 8.8.8.8కి పింగ్ ఉదయం 35, రాత్రి 180. ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 21. మనిషిని పంపితే రాత్రి 9, 10 మధ్య పంపండి, లేదా ఈ కంప్లయింటుని నెట్‌వర్క్ విభాగానికి పంపండి." ఇది చదివినవాడు దీన్ని రూటరు ఆపి వెలిగించే కుర్రాడికి ఇవ్వలేడు. డాకెట్ నంబరు, అంటే కంప్లయింటుకి వాళ్ళిచ్చే నంబరు, రాసుకోండి. ఫోన్లో చెప్పినా సరే, ఇదే మాట మెయిల్లో కూడా పెట్టండి.

దీనికంటే ముందు, నా మాట విని, ఆ పుస్తకం పట్టుకుని మీ వీధి ఆపరేటరు దగ్గరికి ఓసారి స్వయంగా వెళ్ళండి. కాల్ సెంటరులో మాట్లాడేవాడికి మీ వీధి ఎక్కడుందో తెలీదు, ఈయనకి మీ పెట్టెలో ఏ రంగు పోగు ఎవరిదో కూడా తెలుసు. ఆయన కూడా పైవాడి దగ్గర కొనుక్కునేవాడే. అంకెలతో వచ్చిన మనిషి ఒకరు దొరికితే పైవాడితో దెబ్బలాడ్డానికి ఆయనకీ ఓ ఆధారం.

అదీ జరక్కపోతే, పెద్ద కంపెనీ అయితే దానికి అప్పీలు అధికారి ఉంటారు, వివరాలు వాళ్ళ వెబ్‌సైటులో ఉంటాయి, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. డాకెట్ నంబరు లేకుండా అక్కడికి వెళ్ళలేరు. ట్రాయ్‌కి నేరుగా రాయడం దండగ, వాళ్ళు విడివిడి ఫిర్యాదులు చూడరు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. టెలికాం కేసులు అక్కడ చెల్లవని కంపెనీలు అంటూ ఉండేవి, చెల్లుతాయని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. నేనైతే అంతదూరం పోను. ఆ ఓపిక ఉంటే కంపెనీ మారిపోతాను. మారేముందు రాత్రి తొమ్మిదిన్నరకి ఆ కొత్త కంపెనీవాడి కనెక్షనున్న ఇంటికి వెళ్ళి, టీ తాగుతూ మీరే టెస్టు పెట్టి చూడండి. తగ్గింపు ఇస్తామంటే ఏడాది డబ్బులు ఒకేసారి మాత్రం కట్టకండి. కట్టినవాడి ఫోను ఎత్తాల్సిన తొందర ఎవరికీ ఉండదు.

ఐదు రోజులయ్యాక రాత్రి అంకెలూ ఆర్‌ఎక్స్ పవరూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఈలోగా అమ్మాయికి ముఖ్యమైన మీటింగు ఉంటే ల్యాప్‌టాప్ కింద హాల్లోకి తెచ్చి వైరు పెట్టుకుని కూర్చోమనండి. ఆ గంటసేపు టీవీ ఆపాల్సి వస్తుంది, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.